పడవబండి బిరడాలు

మొన్న సోమవారం ఆఫీసు తెరిచి, ఫ్యాను వేసుకుని, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకముందే ఒకావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయేమో. చేతిలో గుడ్డసంచి. అడ్మిషన్ల రోజులు కదా, ఎవరో పిల్ల తల్లి సీటు గురించి వచ్చిందనుకున్నాను.

"పదిన్నరకి రండమ్మా" అన్నాను. నా నోటికి అలవాటైపోయిన మాట అది.

"సీటు గురించి కాదండి. మా నాన్నగారు పోయారండి. ఆ సంగతి చెప్పి, ఇది మీకిచ్చి వెళదామని వచ్చాను."

"ఎవరమ్మా మీ నాన్నగారు?"

"ఇక్కడ పడవబండి ఆయన అంటారటండి."

ఆవిడ సంచి బల్లమీద పెట్టింది. లోపల ఇనుము బల్లకి తగిలి చప్పుడైంది. అందులో ఏముందో విప్పకుండానే నాకు తెలిసింది. ఆవిణ్ణి కూర్చోమని చెప్పి, టీ తెమ్మని అటెండర్ని పంపాను. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఆయన నుంచి దాక్కున్నదే ఎక్కువ.

మా కాలేజీ ఉంగుటూరు దాటాక హైవే పక్కన ఉంటుంది. నేను ఏలూరు నుంచి గూడెం బస్సులో రోజూ వెళ్లొస్తాను. ఆఫీసు సూపరింటెండెంటుని. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మే మనిషిని, అందుకు నన్ను పిల్లలూ లెక్చరర్లూ చాటున ఏమంటారో కూడా నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట, సైన్యంలో పని తీరిన బళ్లని కాలేజీలకి ప్రదర్శనకి ఇస్తారని మా ప్రిన్సిపాల్ గారికి ఎవరో చెప్పారు. ఆయన రాశారు, వాళ్లిచ్చారు. ఒకరోజు పొద్దున్న పొడుగాటి ట్రైలరు మీద ఆకుపచ్చ ఇనప బండి ఒకటి వచ్చింది. నాలుగు పెద్ద చక్రాలు, పొట్ట కింద మధ్యలో దించుకోవడానికి ఇంకో నాలుగు చిన్న చక్రాలు, నెత్తిమీద చిన్న తుపాకీ గూడు, మూతి ముందు మడిచిపెట్టిన పలక. క్రేన్ పెట్టి గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టారు. పెయింటర్ రంగు కొట్టి, ముందు బోర్డు మీద "యుద్ధ ట్యాంకు" అని రాశాడు. పిల్లలు ఫోటోలు దిగారు.

వారం తిరక్కుండా ఆయన వచ్చాడు.

పొట్టి మనిషి. డెబ్భై దాటిన వయసు, నిటారు నడక. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో నల్ల గొడుగు. భీమడోలు అవతల కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక ఆటో, ఒక బస్సు మారి వచ్చాడట. నా గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రాకుండా గదంతా ఒకసారి చూశాడు. బీరువాలు, కిటికీ, రెండో తలుపు, బల్లమీద ఫైళ్లు. తర్వాత తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని అందులో కూర్చున్నాడు. నేను కూర్చోమనలేదు.

"మేడం గారూ, అది ట్యాంకు కాదండి."

"మరేంటండీ?"

"ట్యాంకుకి గొలుసు పట్టా ఉంటుందండి. దానికి చక్రాలున్నాయి. అది చూసి రావడానికి వెళ్లే బండండి. నేలమీద పోతుంది, నీళ్లలోనూ పోతుంది. నేను అలాంటి బండికే డ్రైవర్ని. సరిగ్గా ఇదే బండి కాదు గానీ, దీని అక్కచెల్లెలు అనుకోండి."

"యుద్ధంలో వాడేదే కదా?"

"వాడేదేనండి. కానీ ఆ బండి తుపాకీ కాల్చిందంటే దాని పని చెడినట్టే. ఎవరికీ కనపడకుండా వెళ్లి, అవతలవాళ్లు ఎక్కడున్నారో చూసి, తిరిగొచ్చి చెప్పాలి. బోర్డు మార్పించండి."

బోర్డు మార్చాలంటే కమిటీ అనుమతి కావాలని చెప్పాను. ఆయన అలాగేనండి అని లేచి, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు. "మీ మూడో నంబరు బస్సుకి వెనక ఎడం టైరు దారాలు బయటపడ్డాయండి. చూశాను." ఆ సాయంత్రం ట్రాన్స్‌పోర్టు వాణ్ణి పంపి చూపిస్తే నిజమే. అందుకు సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

అక్కణ్ణుంచి ఆయన పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. గొడుగు వానకి వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. అది ఆయనకి నేలని పొడిచి చూసే కర్ర. మా ఆవరణలో గడ్డి ఉన్నచోటల్లా ముందు గొడుగు మొనతో పొడిచి, తర్వాత కాలు వేసేవాడు. సిమెంటు బాట మీద కూడా మొదటి అడుగుకి పొడిచేవాడు. మా వాచ్‌మన్ నవ్వితే, "కొల్లేటి వాణ్ణి బాబూ. మా దగ్గర పచ్చగా కనపడిందల్లా నేల కాదు, గుర్రపుడెక్క" అన్నాడట.

ఆయన గురించి రెండో వింత, చొక్కాకి జేబు ఉండేది కాదు. మా వైపు మగవాళ్లకి చొక్కా జేబంటే సగం ఇల్లు. పెన్ను, కళ్లజోడు, మందుచీటీ, సెల్‌ఫోన్ అన్నీ అందులోనే. ఈయన బస్సు టిక్కెట్టు గుప్పిట్లో పట్టుకుని వచ్చి, మళ్లీ గుప్పిట్లోనే పట్టుకుని కూర్చునేవాడు. కళ్లజోడు చేతిలో, సెల్‌ఫోను చేతిలో. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "జేబు పెట్టించుకోకూడదటండీ?" అని. "గూడెంలో దర్జీ కూడా ఇదే అడుగుతాడండి" అన్నాడు తప్ప కారణం చెప్పలేదు.

మూడోది ఆయన ప్రశ్న. ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "చూశారా, విన్నారా, ఊహా?" అటెండర్ వచ్చి "రేపు సెలవంటండి" అంటే, నా కంటే ముందు ఆయన అడిగేవాడు, "చూశావా, విన్నావా, ఊహా?" అని. పాపం వాడు తడబడి, విన్నానండి అనేవాడు. ఆయనకి మాత్రం ఆ మూడూ మూడు అరల్లో ఉండేవి. రేపు వాన పడుతుందా అని అడిగితే "ఇంకా చూడలేదండి" అనేవాడు. టీ బావుందా అంటే "వేడిగా ఉందండి" అనేవాడు. పిచ్చి పట్టించేవాడంటే నమ్మండి. ఆ జబ్బు నాకూ అంటుకుంది. మా ఆయన ఒకరోజు ఫోన్ చేసి, కరెంటు బిల్లు కట్టేశాను అంటే "చూశారా, ఊహా?" అన్నాను. ఆ పూట ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోలేదు.

చివరికి ఆయన వస్తున్నాడని వాచ్‌మన్ ఫోన్ చేస్తే నేను రికార్డు గదిలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టాను. ఒకసారి అటెండర్ బయట నిలబడి "మేడం గారు ప్రిన్సిపాల్ గారితో మీటింగులో ఉన్నారండి" అంటున్నాడు. రికార్డు గదిలో నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

"ప్రిన్సిపాల్ గారి కారు లేదు బాబూ" అంది ఆయన గొంతు. "మేడం గారి చెప్పులు ఆ చిన్న గది ముందున్నాయి. పర్లేదు, పనిలో ఉంటారు. నేను కూర్చుంటాను."

బయటికి రాక తప్పింది కాదు. ఆయన ముఖంలో వెటకారం వెతికాను, లేదు. ఆ రోజే బిరడాల మాట ఎత్తాడు.

నాకు మెల్లిగా, పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. నీళ్లలో తేలాలంటే ఆ బండి పొట్ట ఎక్కడా కారకూడదు. అందుకని అంతా సందు లేకుండా అతికి ఉంటుంది. అయినా ఎక్కడో ఒకచోట కాస్త నీరు ఎక్కుతుంది కాబట్టి, ఒడ్డుకి వచ్చాక వదిలెయ్యడానికి అడుగున నాలుగు రంధ్రాలుంటాయి. వాటికి మరతో బిగించే నాలుగు ఇనప బిరడాలు. నీళ్లలోకి దిగేముందు బిగించాలి, ఒడ్డెక్కాక తియ్యాలి. మనకిచ్చినవాళ్లు శుభ్రంగా అన్నీ బిగించి ఇచ్చారు. మన పెయింటర్ నెత్తిమీద మూత ఎత్తి రంగు కొట్టి సరిగ్గా వెయ్యలేదు, అది అలాగే బిగుసుకుపోయింది. "వాన లోపలికి వెళుతోందండి. వెళ్లింది బయటికి రాదు. నీళ్లు లోపలికి రాకుండా కట్టిన బండి కదండీ, నీళ్లు పట్టుకుంటే వదలదు. లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. ఆ నాలుగు బిరడాలూ తియ్యనివ్వండి. అరపూట పని."

నా దగ్గర కాగితం ఉంది. బండితో పాటు వచ్చిన ఉత్తరంలో, దీని నుంచి ఏ భాగమూ విడదీయరాదని స్పష్టంగా ఉంది. అది చూపించాను. కావాలంటే అర్జీ రాసివ్వమన్నాను. ఆయన వారం తర్వాత తెచ్చాడు. గీతల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు.

"చూసింది: బండి పొట్టని కింద నుంచి గొడుగుతో కొట్టాను. వెనక భాగం మోగింది, ముందు భాగం మోగలేదు. పై మూత సందులోంచి దోమలు లేచాయి. విన్నది: హాస్టల్లో దోమలు పెరిగాయని వాచ్‌మన్ అన్నాడు. ఊహ: లోపల నీళ్లున్నాయి. కావలసింది: నాలుగు బిరడాలు తీయడానికి అనుమతి."

నాకు వంక దొరికింది. "లోపల నీళ్లున్నాయన్నది ఊహ అని మీరే రాశారు కదండీ. ఊహ మీద అనుమతి ఎలా అడగనండీ ప్రిన్సిపాల్ గారిని?"

ఆయన కాగితం వైపు చూశాడు. "మూత తీసి చూడనివ్వండి. చూసింది అని మార్చి రాస్తాను."

"మూత తియ్యడానికి కూడా అనుమతి కావాలండి."

"అలాగేనండి" అన్నాడు. అంతే. నేను ఆ అర్జీని ఫైల్లో పెట్టి, తాడు కట్టి, తెలివిగా తప్పించుకున్నాననుకుని టీ తాగాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ వానాకాలం హాస్టల్లో జ్వరాలు పట్టుకున్నాయి. నలుగురు పిల్లలు పడ్డారు. ముదినేపల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లకి బాగా ఎక్కువై ఏలూరు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. రైతు, వాళ్ల నాన్న. ఊడ్పులు మధ్యలో వదిలేసి వచ్చాడు. కాళ్లకి ఇంకా బురద ఉంది. నా గదిలో కూర్చుని, "మా ఇల్లు చేపల చెరువు గట్టునే కదండీ మేడం గారూ, అక్కడ రాని జ్వరం ఇక్కడెలా వచ్చిందండీ?" అని అడిగాడు. నిష్ఠూరం కాదు, అర్థం కాక అడిగాడు. ఆరోగ్య కార్యకర్తలు వచ్చి తొట్లూ కుండీలూ డ్రైనేజీలూ అన్నీ వెతికారు, ఏమీ దొరకలేదు. నాకప్పుడు ఆ అర్జీ గుర్తొచ్చింది. తాడు విప్పి తీసుకెళ్లి ప్రిన్సిపాల్ గారి బల్లమీద పెట్టాను. ఆరోగ్య కార్యకర్తల్లో ఒకమ్మాయి బండి మీదికెక్కి మూత సందులోంచి టార్చి వేసి చూసి, దిగి, "మోకాలి లోతు ఉన్నాయండి నీళ్లు. నిండా పురుగులే" అంది.

ఆస్పత్రిలో చేరిన పిల్ల పది రోజులకి లేచి తిరిగింది, దేవుడి దయ. కానీ ప్రిన్సిపాల్ గారికి బండి మీద విరక్తి పుట్టింది. "లోపలంతా కాంక్రీటు పోసి మూసేయండి. మళ్లీ నీళ్లు నిలిచే ప్రసక్తే ఉండదు. మేస్త్రిని శనివారం రమ్మనండి" అన్నారు.

గురువారం ఆయనకి ఫోన్ చేశాను. నేనుగా చెయ్యడం అదే మొదలు. కాంక్రీటు సంగతి చెప్పాను.

"శనివారం ఎన్ని గంటలకండి మేస్త్రి?"

"పదింటికండి."

"ఆరింటికి వస్తాను. నాకు ఆ నాలుగు గంటలూ ఇప్పించండి మేడం గారూ. చచ్చిపోయిన బండే, ఒప్పుకుంటాను. కానీ పొట్టలో కాంక్రీటు పోయించుకోవాల్సినంత తప్పు అదేం చేసిందండి?"

ఆయన మాటలో చూసిందీ విన్నదీ ఊహా కానిది ఏదైనా విన్నానంటే అదొక్కటే.

శనివారం ఫస్టు బస్సుకి వెళ్లాను. అప్పటికే దిమ్మ కింద గోనెసంచి పరుచుకుని పడుకుని ఉన్నాడు. గూడెంలో ఇనప సామాన్లు చేసే సాహెబు గారి చేత T ఆకారంలో పొడుగాటి కీ ఒకటి చేయించి తెచ్చాడు. కొలత ఎలా తెలిసిందండీ అంటే, "చేతికి గుర్తుంటుందండి" అన్నాడు. ఆ సాహెబు గారూ వెంట వచ్చి, కిరోసిన్ పోస్తూ కూర్చున్నారు. మొదటి బిరడాకి గంట పట్టింది. అది ఊడగానే నల్లటి నీళ్లు ధారగా కొట్టి ఆయన చొక్కా అంతా తడిపేశాయి. కంపు. ఆయన పక్కకి జరక్కుండా, ధార సన్నబడేదాకా అలా చూస్తూ పడుకున్నాడు. పదింటికి మేస్త్రి వచ్చేసరికి నాలుగు రంధ్రాల్లోంచీ చుక్కలు పడుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు వచ్చి వంగి చూసి, గడ్డం గోక్కుని, "సరే, ఈసారికి వద్దులెండి. ఇంకోసారి నీళ్లు నిలిస్తే మాత్రం కాంక్రీటే" అన్నారు.

అక్కడ నాకూ ఆయనకీ మళ్లీ పేచీ వచ్చింది. బిరడాలు ఎవరి దగ్గర ఉండాలి? ఆయన వాటిని తుడిచి, రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "రూల్ ఒకటేనండి. బిరడా అయితే బండికుండాలి, లేకపోతే డ్రైవర్ చేతిలో ఉండాలి. మూడోచోట ఉండకూడదు."

"కాలేజీ సొత్తండీ అది. స్టాకు రిజిస్టర్లో ఎక్కించాలి."

"మరి ఈ బండికి డ్రైవర్ ఎవరండి?"

"దిమ్మ మీద బండికి డ్రైవరేంటండీ!" అన్నాను. తీసుకుని రిజిస్టర్లో ఎక్కించి, నా బల్ల డ్రాయర్లో వేసి తాళం పెట్టాను. ఆయన ఆ డ్రాయర్ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

అసలు తప్పు తర్వాతి ఏడాది జరిగింది. కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందంటే అన్నిటికీ రంగులు వేయించాం. పెయింటర్ వచ్చి, "మేడం గారూ, ఆ బండి కింద రంధ్రాల్లోంచి తుప్పు కారి దిమ్మంతా చారలు పడిందండి. వాటికి మూతలేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాడు. నేను ఏదో లెక్క చూసుకుంటూ, తల ఎత్తకుండా డ్రాయర్ తాళం తీసి నాలుగూ వాడి చేతిలో పెట్టాను. పెట్టినట్టు కూడా నాకు గుర్తు లేదు. వాడు శుభ్రంగా బిగించి, పైన ఆకుపచ్చ రంగు కొట్టేశాడు. కమిటీ వచ్చింది, మెచ్చుకుంది, వెళ్లింది. వానలు మొదలయ్యాయి.

జూలైలో ఒక పొద్దున్న ఆయన వచ్చాడు. ఆ పూటే ప్రిన్సిపాల్ గారు ఆరోగ్య కార్యకర్తలతో ఆవరణ అంతా తిరిగి చూస్తామన్నారు. నేను హడావిడిగా ఉన్నాను. ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా వీపుకి మట్టి అంటి ఉంది.

"మేడం గారూ, ఆ బిరడాలు ఉన్నాయాండి?"

"ఉన్నాయండి. డ్రాయర్లోనే ఉన్నాయి."

"చూశారా, ఊహా?"

చిరాకు ముంచుకొచ్చింది. తాళం తీసి, డ్రాయర్ని బర్రున లాగి, "చూడండి" అన్నాను. డ్రాయర్లో రబ్బరు బ్యాండ్లు, పాత స్టాంపు ప్యాడ్, నా తలనొప్పి మందు ఉన్నాయి. బిరడాలు లేవు. పెయింటర్ అరచెయ్యి గుర్తొచ్చింది. అందులో నేను వాటిని పెట్టడం గుర్తొచ్చింది. "పెట్టాననుకున్నానండి. ఇక్కడే ఉన్నాయనుకున్నాను" అన్నాను. ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యంగా అనిపించింది.

ఆయన కోప్పడలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"నేనూ అదే మాట అన్నానండి ఒకసారి. ఉత్తరాదిన ఏరు దాటే ప్రాక్టీసు. పొద్దున్నే బిరడాలు బిగిస్తున్నాను. మూడు బిగించాను. నాలుగోది చేతిలో ఉండగా ఇంటి నుంచి ఉత్తరం తెచ్చిచ్చారు. అమ్మాయి పుట్టిందని. చదువుకోవడానికి బిరడా జేబులో వేశాను. మా దగ్గర ఒక పద్ధతుందండి. నీళ్లలోకి దిగేముందు కమాండరు ఎదురుగా నిలబడి డ్రైవర్ రెండు చేతులూ చాపి చూపించాలి. ఖాళీగా ఉంటే బిరడాలన్నీ బండికి ఉన్నట్టు లెక్క. నేను చూపించాను. నా చేతులు ఖాళీయే కదండీ. దిగాం. సగం ఏట్లోకి వెళ్లేసరికి కాళ్లకి చల్లగా తగిలింది."

"అయ్యో! తర్వాత?"

"గన్నరు తువ్వాలు కుక్కి దానిమీద కూర్చున్నాడండి. అతను రాజస్థాన్ వాడు, ఈత రాదు. అవతలి ఒడ్డు దాకా దేవుళ్లందర్నీ పిలిచాడు. ఒడ్డెక్కాక కమాండరు గారు, నాలుగూ పెట్టావా అనడిగారు. పెట్టాననుకున్నాను సార్ అన్నాను. మర్చిపోయినందుకు ఆయన ఒక్క మాట అనలేదండి. అనుకున్నాను అన్నందుకు మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. చూసి రావడానికి పంపిన మనిషి అనుకుని వస్తే ఎలాగ అన్నారు."

ఆయన చొక్కా వైపు చూశాను. జేబు ఉండాల్సిన చోట ఉత్త గుడ్డ.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నాను. "పదింటికి వాళ్లొస్తారు. నీళ్లు చూశారంటే ఇక కాంక్రీటేనండి." ఏడుపొచ్చేలా ఉంది. ఆ ఇనప ముద్ద కోసం నేను ఏడుస్తానని ఏడాది కిందట ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

ఆయన లేచాడు. కీ వెంట తెచ్చుకున్నాడు. వానలు మొదలైనప్పటి నుంచీ వచ్చిన ప్రతిసారీ తెస్తున్నాడట. కొత్త రంగు వల్ల బిరడాలు బిగిసిపోయి ఉన్నాయి. ఈసారి కిరోసిన్ సీసా నేను పట్టుకున్నాను. ఆఫీసు చీర కుచ్చిళ్లు దోపుకుని దిమ్మ పక్కన గొంతుక్కూర్చున్న నన్ను చూసి లెక్చరర్లు ఆగి ఆగి వెళ్లారు. నాలుగోది ఊడి, నీళ్లు కారిపోయి, ధార చుక్కలయ్యే సమయానికి ప్రిన్సిపాల్ గారి కారు గేట్లోకి వచ్చింది. ఆయన దిగి, తడిసిన దిమ్మనీ మా ఇద్దరి అవతారాల్నీ చూశారు.

"ఏమైంది? మళ్లీ నీళ్లు నిలిచాయా?"

అడిగింది నన్ను కాదు, ఆయన్ని. "ఇప్పుడు లేవండి. చూశాను" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అక్కడితో వదిలేస్తే నేను బయటపడిపోయేదాన్నే. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు, దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. కానీ నా నోరు ఊరుకోలేదు.

"నిలిచాయి సార్. నా తప్పే. నేనే బిరడాలు పెయింటర్‌కిచ్చి బిగింపించాను. ఎవరి చేతికిచ్చానో కూడా చూసుకోలేదు. కాంక్రీటు పోయించాల్సి వస్తే ముందు నాకు మెమో ఇవ్వండి."

నా సర్వీసులో నా అంతట నేను అడిగిన మెమో అదొక్కటే. ప్రిన్సిపాల్ గారు ఇబ్బందిగా నవ్వి, "సరే సరే, ఇక నుంచి ఆ బండి బాధ్యత మీదే" అని మెమో ఇవ్వకుండానే వెళ్లిపోయారు.

ఆ రోజు బిరడాలు డ్రాయర్లో వెయ్యలేదు. స్టాకు రిజిస్టర్లో ఆ పద్దు పక్కన "డ్రైవర్ వద్ద" అని రాసి, నాలుగూ ఆయన చేతిలోనే పెట్టాను. ఆడిట్‌వాళ్లు అడిగితే ఏం చెప్పాలో అప్పుడాలోచించవచ్చనుకున్నాను. ఆయన రెండు చేతుల్లో రెండేసి పట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, నేలని పొడవడం కుదరక, సిమెంటు బాట మీద మొదటిసారి మామూలుగా నడుచుకుంటూ గేటు దాకా వెళ్లాడు. బోర్డు కూడా ఆ నెలలోనే మారింది. దాని మీద ఏం రాయాలో ఆయన్నే అడిగాను. "చూసి వచ్చే బండి అని రాయించండి, చాలు" అన్నాడు.

తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా నేను నా చెప్పులు గుమ్మం ముందు కనపడేలా విప్పేదాన్ని. కిందటి చలికాలం నుంచి రాలేదు. ఆరోగ్యం బావులేదేమో అనుకున్నాను. అనుకున్నాను గానీ వెళ్లి చూడలేదు. భీమడోలు ఎంత దూరం? రోజూ ఆ మీదగానే బస్సు వెళుతుంది.

టీ వచ్చింది. కూతురు ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"ఆఖర్న మాట సరిగ్గా వచ్చేది కాదండి. కానీ ఈ సంచి ఎక్కడుందో రోజూ అడిగేవారు. ఉంది నాన్నా అంటే ఒప్పుకునేవారు కాదు. తెచ్చి చూపించమనేవారు."

"ఇవి ఇక్కడ ఇమ్మన్నారామ్మా?"

"కాలేజీకి అనలేదండి. డ్రైవర్ గారికి ఇవ్వు అన్నారు. ఏ డ్రైవరు నాన్నా, ఎక్కడ వెతకను అంటే, ఉంగుటూరు అవతల కాలేజీలో ఆఫీసు మేడం గారు, తలుపుకి ఎదురుగా కుర్చీ ఉంటుంది, అందులో కూర్చో అన్నారు."

ఆవిడ అప్పటికే ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. ఏరు దాటే రోజు ఉత్తరంలో వచ్చిన ఆ అమ్మాయి ఈవిడేనా అని అడగాలనిపించింది. అడిగాను. ఇంటికి పెద్దమ్మాయిని నేనేనండి, నేను పుట్టినప్పుడు ఆయన ఎక్కడో నీళ్లలో ఉన్నారని అమ్మ చెప్పేది అంది. విన్నదే అయినా అది చాలు.

ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఈ ఏటికి అదే మొదటి గట్టి వాన. సంచి విప్పాను. నాలుగు బిరడాలూ నూనె రాసి మెరుస్తున్నాయి, కీ కూడా ఉంది. అలవాటుగా బిరడాలు హ్యాండ్‌బ్యాగులో వెయ్యబోయి ఆగి, చేతిలోనే పట్టుకుని బయటికి నడిచాను. గొడుగు వేసుకోవడం కుదర్లేదు. దిమ్మ దగ్గర వంగి, తల పక్కకి తిప్పి, బండి పొట్ట కిందికి చూశాను.

నాలుగు రంధ్రాలూ కారుతున్నాయి. చూశాను.